బాతుల్లేని బాతుల వేట

ముందే చెప్పేస్తున్నా, ఈ కథలో బాతు ఫొటో ఒక్కటి కూడా లేదు. హైదరాబాద్‌లో అద్దెకు తెచ్చిన 600 ఎంఎం లెన్సు, నాన్నని బతిమాలి తీసుకున్న కారు, సత్తెనపల్లి నుంచి హంసలదీవికి పోనూ రానూ ఒక ఆదివారం మొత్తం... ఇంత చేసి నేను తెచ్చుకున్నవి ఎర్ర పీతల ఫొటోలు నలభై, పంక్చరైన టైరు ఒకటి. మా ఆఫీసు గ్రూపులో దీనికి పెట్టిన పేరే పైన హెడ్డింగ్. నవ్వుకోండి, పర్లేదు. నేనూ నవ్వాను. కానీ ఆ రోజు కార్లో నా పక్క సీట్లో కూర్చున్న మనిషికి మాత్రం అది నలభై ఆరేళ్లుగా వాయిదా పడుతూ వచ్చిన ప్రయాణం.

దీనికంతటికీ మూలం ఒక వాట్సాప్ వీడియో. అమెరికాలో ఉండే మా టీమ్‌మేట్ ఒకడు, వాళ్ల పక్కింటాయనతో కలిసి చలికాలం సముద్రం మీదికి బాతుల వేటకి వెళ్లాడు. వీడు తుపాకి పట్టలేదు, ఊరికే చూడ్డానికి వెళ్లాడు. తెల్లారకముందే పడవ, నీళ్ల మీద తాడుకి కట్టిన ప్లాస్టిక్ బాతులు, ముక్కు ఊడిపోయేంత చలి. నిజమైన బాతు ఒక్కటి రాలేదు. దానికితోడు పడవ ఇంజిన్ కూడా మొరాయించింది. ‘ఇంత దరిద్రపు ట్రిప్పు నా జన్మలో చూళ్లేదు’ అని వాడి వాయిస్ మెసేజ్.

అక్కడ ‘సీ డక్స్’ అంటే ఈడర్, స్కోటర్, లాంగ్ టెయిల్డ్ డక్ లాంటివి. చల్లటి ఉత్తర సముద్రాల్లో మునిగి, అడుగునున్న నత్తల్నీ ఆల్చిప్పల్నీ తిని బతికే జాతులు. ఐస్‌లాండ్‌లో ఈడర్ బాతు గూట్లో పరిచిన మెత్తటి ఈకల్ని ఏరి, దుప్పట్లలో కూరుతారు. అమెరికాలో బాతుల వేట చట్టబద్ధమే కానీ ఊరికే కాదు. పదహారేళ్లు దాటిన ప్రతి వేటగాడూ ‘డక్ స్టాంప్’ కొనాలి. 1934లో మొదలైన పద్ధతి అది. ఇప్పుడు దాని ధర 25 డాలర్లు. అందులో నూటికి 98 వంతులు చిత్తడి నేలల్ని కాపాడ్డానికే పోతాయి. సీసం గుళ్లు నీళ్లలో పడి పక్షుల కడుపులోకి పోతున్నాయని 1991 నుంచి బాతుల వేటలో వాటిని పూర్తిగా ఆపేశారు.

ఈ సంగతులన్నీ నేను మా పెదనాన్నకి వీడియో చూపిస్తూ చెప్తున్నా. ఆయనకి 72 ఏళ్లు. రెండు కళ్లలోనూ నీటికాసులు. పక్కచూపు పోయింది, ఎదురుగా ఉన్నది మాత్రం కాస్త ఆనుతుంది. ‘జోడు గొట్టాల తుపాకిలో ఒక గొట్టంలోంచి చూస్తున్నట్టుంటదిరా’ అని తనే జోకేస్తాడు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవడమే పనని డాక్టర్లు ఎప్పుడో చెప్పేశారు. ఫోన్‌ని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని వీడియో మొత్తం చూశాడు. చూసి, ‘మేమూ పోయేవాళ్లంరా. సముద్రం బాతులకి. దివిసీమకి’ అన్నాడు.

ఇరవై ఎనిమిదేళ్లుగా ఈయన్ని చూస్తున్నా, ఈ మాట ఎప్పుడూ వినలేదు.

అప్పట్లో ఆయన మేనమామకి లైసెన్సున్న తుపాకి ఉండేదట. పత్తి మొదటి తీత అయ్యాక, కార్తీకం వెళ్లీ వెళ్లకముందే, నలుగురు కలిసి బస్సులో రేపల్లె చేరేవాళ్లు. అప్పుడు పెనుమూడి దగ్గర వంతెన లేదు. రేవులో పడవెక్కి కృష్ణ దాటి అవనిగడ్డ వైపు పోవాలి. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక కూడా బాతుల్లాంటి చిన్న వేటకి లైసెన్సు ఇచ్చే ఏర్పాటు కొన్నేళ్లు ఉండేది. 1991 సవరణతో ఆ తలుపు కూడా మూసేశారు.

మరి మన దగ్గర సముద్రం బాతులేంటి? ఈడర్లూ స్కోటర్లూ బంగాళాఖాతానికి రావు కదా. పెదనాన్న వాళ్లు ‘సముద్రం బాతులు’ అన్నవి చలికాలం ఉత్తరం నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చే గార్గనీలు, పిన్‌టెయిల్‌లు. మన కోస్తాలో చాలాచోట్ల వీటిని కలిపి పరజలు అనేస్తారు. వీటికో అలవాటుంది. రాత్రిపూట వరి మడుల్లో, చెరువుల్లో మేస్తాయి. పగలు మనుషులకి దూరంగా, కొల్లేరు లాంటి పెద్ద నీళ్ల మీదో, ఒడ్డుకి అవతల సముద్రం మీదో గుంపులుగా తేలుతూ నిద్రపోతాయి. నైట్ షిఫ్ట్ చేసి పొద్దున పడుకునే మా సపోర్ట్ టీమ్ లాగా.

‘ఒకసారి చూడాలనుందిరా. కాల్చడానికి కాదు. గుంపు మొత్తం ఒక్కసారి లేస్తే ఎట్టుంటదో చూడాలి. ఈ గొట్టం కూడా మూసుకుపోకముందే’ అన్నాడు.

ఉప్పలపాడు తీసుకెళ్తానన్నా. గుంటూరు పక్కనే, ఊరి చెరువులో పక్షులు, ఊరివాళ్లే కాపాడుకుంటారు, గంటన్నరలో వెళ్లిపోవచ్చు. పెదనాన్న ఒప్పుకోలేదు. ‘అక్కడుండేది కొంగలు, గూడబాతులు. గూడబాతు పేర్లోనే బాతు, అది బాతు కాదు’ అన్నాడు. పెలికాన్‌ని తెలుగులో గూడబాతు అంటారు లెండి. పాయింటే.

ప్లాన్ 2023 డిసెంబర్ 3, ఆదివారం. సరిగ్గా అప్పుడే మిచాంగ్ తుపాను. డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వైపు పత్తి చెట్టు మీదే తడిసి నల్లబడింది. మిరప తోటలో నిలిచిన నీళ్లకి మొక్కలు తలలు వాల్చేశాయి. వారం రోజులు నాన్న, పెదనాన్న కొడుకు, నేను అందరం పొలంలోనే. నీళ్లు తియ్యడం, కాలవలు తవ్వడం. లాప్‌టాప్ గట్టు మీద పెట్టి హాట్‌స్పాట్‌లో స్టాండప్ మీటింగ్ అటెండయ్యా. పెదనాన్న బాతుల ఊసే ఎత్తలేదు. మళ్లీ నేనే కదిపితే, ‘ఎప్పుడూ ఇంతేరా. బాతులకి పోదామంటే తుపానొస్తది’ అని ఊరుకున్నాడు. అప్పుడు ఆ మాట నాకు అర్థం కాలేదు.

చివరికి డిసెంబర్ 17న బయల్దేరాం. తెల్లవారి నాలుగింటికి సత్తెనపల్లి దాటితే, గుంటూరు, తెనాలి మీదుగా రేపల్లె చేరేసరికి తెలవారింది. దారి పొడుగునా రోడ్డు మీద సగం మేర తడిసిన వడ్లు ఆరబోసి ఉన్నాయి. పక్కన పడిపోయిన వరి, ఇంకా నిలిచే ఉన్న నీళ్లు. పెనుమూడి వంతెన మీద కారాపమన్నాడు పెదనాన్న. దిగి, రెయిలింగ్ పట్టుకుని, కిందున్న కృష్ణని చాలాసేపు చూశాడు. ‘దీని మీద ఇంత తేలిగ్గా పోవచ్చా’ అన్నాడు, నన్ను కాదు.

హంసలదీవి పేరు వెనక ఒక స్థలపురాణం ఉంది. లోకుల పాపాలన్నీ కడిగి కడిగి నల్లబడిన గంగ, కాకి రూపంలో తీర్థాలన్నీ తిరుగుతూ మునుగుతుంటే, కృష్ణ సముద్రంలో కలిసే ఈ చోట మునిగినప్పుడు తెల్లటి హంసగా మారిందట. అందుకే హంసలదీవి. మాకు హంసలు అక్కర్లేదు, బాతులు చాలు. కానీ ఒడ్డుకెళ్లి చూస్తే నీటికాకులున్నాయి, కొంగలున్నాయి, తలపైన గరుడ పక్షి ఒకటి తిరుగుతోంది, ఇసకంతా ఎర్ర పీతలు. బాతు లేదు. అరగంట చూశాం, గంట చూశాం. బైనాక్యులర్ పెదనాన్నకిస్తే, ‘ఇది ఇంకో గొట్టం’ అని వెనక్కిచ్చేశాడు.

వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి చూసి, దగ్గరికొచ్చాడు. సంగతి చెబితే నవ్వాడు.

‘ఈ ఏడు ఇక్కడ కనపడవండీ. తుపాను తర్వాత ఎక్కడ చూసినా నీళ్లే కదా. పొలాలూ చెరువులూ అన్నీ ఒకటే. పరజలకి ఇక్కడికే రావాల్సిన పనేముంది? నాలుగు జిల్లాల్లో చెల్లాచెదురైపోయుంటాయి. నీళ్లు తగ్గాక రండి, అప్పుడు ఒకచోట చేరతాయి.’

ఇంత సింపుల్ లాజిక్. నీళ్లు తక్కువున్న ఏడాది ఉన్న నాలుగు చెరువుల్లోనే కిటకిటలాడతాయి, ఫొటోలు తీసేవాళ్లకి పండగ. నీళ్లెక్కువైన ఏడాది ప్రతి మడీ బాతులకి హోటలే. మనకి దురదృష్టం, వాటికి మంచి కాలం.

ఆయన వెళ్లిపోయాక పెదనాన్న ఇసకలో కూర్చున్నాడు. చెప్పడం మొదలుపెట్టాడు.

1977 నవంబర్ 19, శనివారం. ఆ శనివారం సాయంత్రానికి ఇక్కడికి చేరి, ఆదివారం తెల్లవారుజామున వేట. అదీ ప్లాన్. ఎప్పుడొచ్చినా వీళ్లని పాయల్లో తిప్పే పడవాయన ఒకడుండేవాడు. నెల ముందు ఉత్తరం రాసి, ఫలానా శనివారం వస్తున్నాం, పడవ సిద్ధంగా పెట్టు అని చెప్పారు. శుక్రవారం నుంచే వాన. శనివారం పొద్దున గుంటూరు బస్టాండు దాకా వచ్చారు. గాలి చూసి మేనమామ ‘వద్దులేరా’ అన్నాడు. వెనక్కి తిరిగారు. పెదనాన్నకప్పుడు 26 ఏళ్లు. ఇంత దూరం వచ్చి ఉత్త చేతుల్తో పోవడమా అని మేనమామ మీద అలిగి, రాత్రి అన్నం కూడా తినలేదట.

ఆ రాత్రే ఉప్పెన. దివిసీమ మీదికి సముద్రం లేచొచ్చింది. ఊళ్లకి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. అధికారిక లెక్కల్లోనే చనిపోయినవాళ్లు పదివేల దరిదాపు. మా తాతల తరంవాళ్లు దివిసీమ అనే మాట కూడా మెల్లగా అనేవాళ్లు.

నాలుగైదు రోజులకి సత్తెనపల్లి నుంచి బియ్యం, బట్టలు వేసుకుని ఒక లారీ బయల్దేరితే పెదనాన్న ఎక్కాడు. పడవాయన ఊరు దాకా పోగలిగాడు. ఊరు లేదు.

‘మేం వస్తామన్నాం గదా అని ఆ రోజు ఆయన పడవ దగ్గరే ఉన్నాడేమోరా. లేకపోతే పెళ్లాంబిడ్డల్ని తీసుకుని ఎటన్నా మెరకకి పోయేవాడేమో. రావట్లేదని చెప్పే దారి లేదు. ఉత్తరం పోవాలంటే నాలుగు రోజులు.’

నా చేతిలో ఫోనుంది. రోజుకి పాతికసార్లు ‘రన్నింగ్ లేట్’, ‘కాంట్ మేక్ ఇట్’ అని టైప్ చేసే ఫోను. మిచాంగ్‌కి ముందు దీనికి ఎన్ని హెచ్చరికలొచ్చాయో. చిరాకొచ్చి స్వైప్ చేసేశాను కూడా. ఆ హెచ్చరికలు, ఆ ఉప్పెన తర్వాత తీరం పొడుగునా కట్టిన తుపాను షెల్టర్లు, ముందే ఊళ్లు ఖాళీ చేయించడం... వీటివల్లే ఇప్పుడు తుపానంటే మనకి పంట నష్టం గుర్తొస్తుంది. ఆ తరానికి మనుషులు గుర్తొస్తారు.

‘ఆయన ఎట్టాగూ ఆ ఊళ్లోనే ఉండేవాడు పెదనాన్నా. ఊరంతా పోయింది కదా’ అన్నా. అంతకంటే ఏమనాలో తెలియలేదు.

‘అట్టనే అనుకుంటా. అనుకున్నా గూడా ఉంటది’ అన్నాడు.

ఆ తర్వాత మేనమామ రెండేళ్లు చెరువుల్లో వేటాడాడట. పెదనాన్న మళ్లీ తుపాకి ముట్టలేదు. దివిసీమకీ రాలేదు.

మధ్యాహ్నం మూడింటికి వెనక్కి బయల్దేరాం. దారిలో టీ కోసం ఆగితే, ఒక కుర్రాడు బైక్ మీద వచ్చి పక్కన ఆపాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. ఊరి పేరు ఇక్కడ రాయను. సంచి కొద్దిగా తెరిచి, ‘పరజలు సార్. జత నాలుగొందలు’ అన్నాడు.

పది ఉన్నాయి. కాళ్లు కలిపి కట్టేసి. పొద్దుటి నుంచి మేం వెతుకుతున్నవి.

పెదనాన్న చెయ్యి చాపాడు. ఒకదాన్ని తీసుకుని వేళ్లతో రెక్క విప్పి, మెడ నుంచి తోక దాకా నిమిరాడు. ‘ఆడది. రాత్రి వలలో పడ్డది’ అన్నాడు. కుర్రాడు ఆశ్చర్యంగా చూశాడు. గార్గనీ బరువు సుమారు మూడొందల యాభై గ్రాములు. అరకిలో కూడా లేని శరీరంతో అంత దూరం ఎగిరొచ్చింది.

‘మీదేవూరు? ఉప్పెనలో మీవాళ్లెవరన్నా పోయారా?’ అని అడిగాడు పెదనాన్న.

‘మా తాతోళ్లంతా పోయారండి. మా నాన్నొక్కడే. తాటిచెట్టు పట్టుకుని బతికాడంట. అప్పుడు ఏడేళ్లంట ఆయనకి.’

పెదనాన్న బాతుని మెల్లగా సంచిలో పెట్టేశాడు.

‘చూడబ్బాయ్, నీకు నీతులు చెప్పే మొహం నాకు లేదు. వయసులో నేనూ కాల్చా, లెక్కలేనన్ని. కానీ ఇప్పుడిది కేసు. పట్టుకుంటే మూడేళ్ల దాకా జైలు. లక్ష దాకా జరిమానా. కొన్నోడికీ కేసే. రెండువేల కోసం అంత పెట్టుకోకు. మీ నాన్న చెట్టు పట్టుకుని బతికింది దీనికి గాదు.’

కుర్రాడు ఏం మాట్లాడలేదు. సంచి మూతి బిగించి వెళ్లిపోయాడు. సినిమాల్లోలాగా మారిపోయాడని చెప్పలేను. వాళ్లు పనిచేసే రొయ్యల చెరువు తుపానుకి గట్టు తెగిందని, అప్పట్నుంచీ కూలి లేదని టీ కొట్టాయన చెప్పాడు. వలలు ఎక్కడ కడుతున్నారో ఆ చోటు వివరాలు మాత్రం, ఎవరి పేరూ లేకుండా, అటవీశాఖకి మెయిల్ పెట్టాను. ఒడిశాలో చిలికా ఒడ్డున మంగళజోడి అనే ఊరుంది. అక్కడ ఒకప్పుడు పక్షుల్ని పట్టి అమ్మినవాళ్లే ఇప్పుడు పడవల్లో టూరిస్టుల్ని తిప్పి అవే పక్షుల్ని చూపించి బతుకుతున్నారు. పక్షి ఎక్కడుంటుందో వాళ్లకంటే ఎవరికి బాగా తెలుసు? మన కోస్తాలో కూడా ఆ కుర్రాడికి జత నాలుగొందల కంటే మంచి బేరం ఎవరైనా చూపిస్తే బాగుండు.

మా దురదృష్టం ఇంకా అయిపోలేదు. పెనుమూడి వంతెన దాటాక, ఆరబోసిన వడ్లు తొక్కకుండా పక్కకి తిప్పితే టైరు మేకు మీదికెక్కింది. స్టెప్నీలో గాలి లేదు. రేపల్లె నుంచి మెకానిక్ వచ్చేసరికి గంటన్నర. లైట్లార్పేసి, కారు దిగి, గట్టు మీద కూర్చున్నాం. సన్నటి చంద్రుడు తప్ప వెలుగు లేదు. చుట్టూ నీళ్లు నిలిచిన పొలాలు, కప్పలు, దోమలు.

ఉన్నట్టుండి పెదనాన్న నా మోకాలి మీద చెయ్యేసి నొక్కాడు. ‘ఉష్.’

నాకేం వినపడలేదు. తర్వాత, చాలా పైన, సన్నటి ఈల. రెండు ముక్కలుగా. మళ్లీ ఇంకోటి. మా తల మీదుగా దాటి, కుడివైపు మడుల్లోకి దిగింది ఆ శబ్దం. ఫోన్ టార్చ్ వెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

‘సముద్రం బాతులు గాదురా. ఇవి మన చెరువులవే, ఈల బాతులు. ఇరవై దాకా ఉంటయ్.’

లెస్సర్ విజిలింగ్ డక్. ఎక్కడికీ వలస పోకుండా మన దగ్గరే ఉండే బాతు. మేం వెతికింది ఇది కాదు, చూడనూ లేదు. గంటన్నర సేపు ఆయన ఆ చీకటివైపే తల తిప్పుకుని కూర్చున్నాడు. ఎదుట ఉన్నది కూడా సరిగ్గా కనపడని మనిషి, ఎక్కడ దిగాయో, ఎప్పుడు మేత మొదలెట్టాయో, కుక్క అరిస్తే ఎన్ని లేచాయో నాకు చెబుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చేసరికి పదకొండున్నర. ఈబర్డ్ యాప్‌లో ఆ రోజు లిస్టు నింపుతున్నా. మీ ఫోన్లో కూడా వేసుకోండి, ఫ్రీ. నాలాంటి మామూలువాళ్లు ఇచ్చే ఈ లెక్కల మీదే శాస్త్రవేత్తలు పక్షులు ఎక్కడ తగ్గుతున్నాయో ఎక్కడ పెరుగుతున్నాయో చూస్తారు. జనవరిలో అయితే 1987 నుంచి ఏటా జరిగే ఆసియా నీటిపక్షుల లెక్కింపు ఉంటుంది. మీ ఊరి చెరువు గట్టు మీద నిలబడి మీరూ లెక్కపెట్టొచ్చు.

ఈ లెక్కల్లో రెండు రూల్సున్నాయి. చచ్చిపోయిన పక్షిని వెయ్యకూడదు. కంటికి కనపడకపోయినా, గొంతుని కచ్చితంగా గుర్తుపడితే వెయ్యొచ్చు. కాబట్టి సంచిలోని పది గార్గనీలూ లెక్కలోకి రావు. చీకట్లోని ఈల బాతులు వస్తాయి.

‘లెస్సర్ విజిలింగ్ డక్, ఇరవై’ అని కొట్టి, పెదనాన్నకి చదివి వినిపించా.

‘ఈ లెక్క ఎవరు చూస్తారురా?’

‘ఎవరైనా చూడొచ్చు పెదనాన్నా. ప్రపంచంలో ఎవరైనా.’

కాసేపు ఆలోచించాడు. పెదాలు కదుపుతూ వేళ్ల మీద ఏదో లెక్కేసుకున్నాడు.

‘అయితే ఇరవై తీసెయ్. పద్దెనిమిదని రాయి. రెండు నాకు అనుమానం.’